ఒక్క బుడగకు సరిపడా గాలి

పొద్దున పనికి బయల్దేరేముందు ప్లంబరమ్మ సంచిలో రెంచీ, టెఫ్లాన్ టేపు ఉన్నాయో లేదో చూసుకునేది. తర్వాత అమ్మ గది తలుపు సందుల్లో పెట్టిన మైనం ఎక్కడైనా ఊడిందేమోనని వేలితో తడిమేది. ఆ రెండూ అయ్యాకే వీధి అవతలి మేడ వైపు కళ్లెత్తేది. అక్కడ దర్జీపని చేసే తన చెల్లెలు కిటికీ దగ్గర మిషను తొక్కుతూ ఉండేది. ఇటు చచ్చినా చూసేది కాదు.

ఆ ఊళ్లో గాలిని బిగించి వదిలితే, అది ఆఖరున విన్న మాట బయటపెడుతుంది. టైరు పేలిందంటే ఎవరింటి గుట్టో రట్టయినట్టే. అందుకే కొత్తగా పెళ్లయినవాళ్లు ఇంట్లో సైకిలుకు గాలి కొట్టుకోరు.

అమ్మ పోయిన పూట ప్లంబరమ్మ ఎవరిదో కుళాయి కారుతోందంటే వెళ్లింది. చెల్లెలు బట్టలు కొనడానికి పక్క ఊరు పోయింది. తిరిగొచ్చి అమ్మను చూసిన ప్లంబరమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది, గది దాటాకే ఏడ్చింది. మోసినవాళ్లూ ఆ గదిలో పెదవి విప్పలేదు. ఊరి మర్యాద అది. ఆ తర్వాత ఆమె తలుపు గడియ పెట్టి సందులన్నీ మూసేసింది. లోపల అమ్మ ఆఖరి మాట ఉంది. తనను పిలిచి పిలిచి అలిసిపోయిందేమో! వినాలని ప్రాణం కొట్టుకునేది, వినాలంటే భయం.

"అమ్మ నీ ఒక్కదానికేనా? నన్నూ విననీ అక్కా" అని చెల్లెలు గది ముందు ఏడ్చింది.

"తలుపు తీస్తే గాలి పోతుంది" అంది అక్క.

అక్కడితో మాటలు తెగిపోయాయి.

చెల్లెలి మొగుడికి దూరంగా ఎక్కడో ఉద్యోగం దొరికిందనీ, ఇల్లు ఖాళీ చేస్తున్నారనీ తెలిశాక ప్లంబరమ్మకు ముద్ద దిగలేదు. పాత మోటారు తాలూకు ఇనప ప్రెషరు ట్యాంకు ముందేసుకుంది. దానికి గాలి కొట్టడానికి సైకిలు వాల్వు ఒకవైపు, ఒక్కసారిగా వదలడానికి బాల్ వాల్వు ఇంకోవైపు బిగించి, పైన నీళ్లు నింపిన రబ్బరు బుడగ పట్టేంత లావు గొట్టం తగిలించింది.

పంపు అరువిచ్చిన పంక్చరు తాత పగలబడి నవ్వాడు. "తల నెరుస్తుంటే నీళ్ల బుడగలేంటే నీకు?"

"తలుపు కొడితే అది తియ్యదు, ఫోన్ చేస్తే ఎత్తదు. తడిపితే మాత్రం తిట్టడానికైనా బయటికొస్తుంది తాతా. చిన్నప్పుడూ అంతే."

ముందు వీధి గాలితో గురి చూసుకుంది. మొదటి బుడగ గొట్టంలోనే చిట్లింది. కింద గుడ్డ ముక్క దట్టించాక రెండోది ఎగిరి కరెంటు స్తంభానికి తగిలింది. రెండుసార్లూ కూరగాయలామె గీచి గీచి బేరమాడటం వినిపించింది.

లారీ వచ్చిన రోజున ప్లంబరమ్మ తాళం కన్నంలోంచి రబ్బరు గొట్టం దూర్చి, గదిలో గాలిని పంపుతో లాగి ట్యాంకులో నింపింది. ఒక్క బుడగకు సరిపడా వచ్చింది. ట్యాంకును బాల్కనీలోకి ఈడ్చుకెళ్లి, గుడ్డ దట్టించి బుడగ పెట్టింది. కింద హమాలీలు చెల్లెలి మిషను లారీలోకి ఎత్తుతున్నారు. ప్లంబరమ్మ గొట్టాన్ని చెల్లెలి కిటికీకి గురిపెట్టింది. తప్పితే అమ్మ మాట వీధి పాలు. అయినా వాల్వు తిప్పేసింది.

బుడగ వెళ్లి చెల్లెలి కిటికీకి ఫెడేలున తగిలింది.

"ఎవడ్రా వాడు?" అంటూ చెల్లెలు మొహం తుడుచుకుంటూ బాల్కనీలోకి దూసుకొచ్చింది. అప్పటికి గొట్టంలోంచి మిగతా గాలి మెల్లగా బయటికొస్తోంది. అందులో అమ్మ గొంతు, నీరసంగా, ఎప్పటిలాగే కాస్త విసుగ్గా, వీధి దాటి వినిపించింది.

"పెద్దదానా... చిన్నది వచ్చేస్తుంది. తలుపుకు గడియ పెట్టకు."

హమాలీలు మిషను నేల మీద దించి, తలగుడ్డలు తీసి నిలబడ్డారు. గాలి అయిపోయింది.

ప్లంబరమ్మ గొట్టం పట్టుకుని అక్కడే కూలబడింది. ఇన్నేళ్లూ అమ్మ వద్దన్న పనే చేసింది. కాసేపటికి తలెత్తి చూస్తే ఎదురు బాల్కనీ ఖాళీగా ఉంది. లారీవాడు హారన్ కొడుతున్నాడు. కింద ఎవరో తడి చెప్పులతో టపటపా మెట్లెక్కుతున్నారు.

ఆమె లేచి, ముందు అమ్మ గది గడియ తీసింది. తర్వాత వీధి తలుపుది.