నాలుగో మలుపు తర్వాత

కృపానందం తన సైకిలు షాపులో కళ్లు మూసుకుని, చేతిలోని పానాతో ఇనుప బల్ల మీద కొడుతున్నాడు. నిమిషానికి డెబ్బై దెబ్బలు. గడియారం అక్కర్లేదు. పదమూడో ఏట నుంచి సైకిళ్లు విప్పి బిగించిన చెయ్యి అది. లెక్క తప్పదు.

ఎదురుగా హర్షిణి ఆ దెబ్బకు తగ్గట్టు సైకిలు తొక్కుతోంది. సైకిలు మాత్రం అంగుళం కదలడం లేదు. వెనక చక్రాన్ని ఇనుప స్టాండు పట్టుకుని ఉంది. టైరుకు ఆనుకుని ఒక రోలరు గిర్రున తిరుగుతోంది. రోలరు పక్కనున్న అయస్కాంతం దాన్ని వెనక్కి లాగుతుంటుంది. ఎంత గట్టిగా లాగాలో చెప్పే చిన్న మీట, దానికి ఆరు మెట్లు. ముందు చక్రం కింద రెండు ఇటుకలు. కొండెక్కేటప్పుడు ఒళ్లు ఎలా వాలుతుందో ఇక్కడా అలాగే వాలాలని కృపానందం పెట్టినవి.

ఈ స్టాండును ట్రైనర్ అంటారు. ఏలూరులో ఒక డాక్టరుగారు కరోనా రోజుల్లో కొనుక్కుని, నెల తిరక్కుండానే దాని మీద తువ్వాళ్లు ఆరేసుకోవడం మొదలుపెట్టారు. ఆయన సైకిలు బాగుచేయడానికి వెళ్లిన కృపానందం దాన్ని అడిగి తెచ్చుకున్నాడు. ఎందుకంటే తాడేపల్లిగూడెంలో కొండ లేదు. పెంటపాడు వైపు పోయినా, కొల్లేరు వైపు పోయినా నేల బల్లపరుపు. యాభై ఎనిమిదేళ్లలో అతను సైకిలు మీద ఎక్కిన అతి పెద్ద ఎత్తు రైలు పట్టాల మీది వంతెన.

హర్షిణికి మాత్రం కొండ కావాలి. మూడు రోజుల్లో సాలూరు ఘాట్‌లో రాష్ట్ర జూనియర్ జట్టుకు ఎంపిక. ఆరు కిలోమీటర్ల ఎక్కుడు దారి, ఇరవై నాలుగు నిమిషాల్లో ఎక్కెయ్యాలి. పోయినేడాది నాలుగో మలుపు దగ్గర కాలు కింద పెట్టేసింది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఎంపికైన వాళ్లను అటునుంచి అటే శిక్షణ శిబిరానికి తీసుకుపోతారు. ఇక మిగిలింది ఈ ఒక్కసారే.

కృపానందానికి భయమేమీ లేదు. ఏడాదిగా వారానికి రెండు రోజులు ఎత్తు కోసం, ఒక రోజు వేగం కోసం తొక్కించాడు. వేగం రోజున అరనిమిషం ప్రాణం పెట్టి తొక్కడం, నిమిషం తేలిక, మళ్లీ అరనిమిషం. ఎత్తు రోజున మీట నాలుగో మెట్టు మీద పెట్టి ఎనిమిది నిమిషాలు, తర్వాత పన్నెండు, తర్వాత ఇరవై. అన్ని రోజులూ కళ్లు మూసుకుని ఒక్క చప్పుడు కోసం విన్నాడు. కాలు ఆగితే వెనక చక్రంలోని ఫ్రీవీల్ టిక్కుమంటుంది. ఆ చప్పుడు వినబడకూడదు. నాలుగు నెలలుగా వినబడలేదు కూడా.

తిరగేసిన చేపల క్రేటు మీద కూర్చున్న జగ్గారావు ఫక్కున నవ్వాడు.

హర్షిణి తండ్రి అతను. కొల్లేరు చేపల్ని ఒడిశాకు మోసే లారీ డ్రైవరు. నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. కూతురు ఇలా తొక్కడం చూడటం ఇదే మొదలు. సాయంత్రం సాలూరు మీదుగానే లోడు, అందుకని కూతుర్ని లారీలోనే తీసుకుపోవడానికి వచ్చాడు.

"ఏవండీ మాస్టారూ, ఇది కొండేంటండీ? చదునైన భీమడోలు రోడ్డుకి బరువు కట్టినట్టుంది."

పానా ఆగింది. హర్షిణి తండ్రి వైపు కొరకొరా చూసింది. కృపానందం కళ్లు తెరిచాడు. కోపం రాలేదు.

"మరి కొండ ఎలా ఉంటుందండి?"

"నాకేం తెలుసండీ. గేర్లు వేసుకుంటూ పోతానంతే."

"ఆ గేర్లే చెప్పండి."

హర్షిణికి అరగంట విశ్రాంతి. వెనక వాటాలోంచి కృపానందం భార్య ప్రభావతి ఉప్పు వేసిన నిమ్మరసం తెచ్చి ఇచ్చింది. ఈలోపు జగ్గారావు క్రేటు మీద సర్దుకుని కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఎడమ కాలితో, అక్కడ లేని క్లచ్చి తొక్కాడు. ఎడమ చేత్తో, అక్కడ లేని గేరు రాడ్డు పట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్ల ఘాట్ రోడ్డు ఆ చేతిలోంచి బయటికొచ్చింది. మూడు. ఇంకా మూడే. కల్వర్టు దాటాక రెండు. మొదటి మలుపు లోపలివైపు ఒకటి, తర్వాత మళ్లీ మూడు. కృపానందం సుద్దముక్కతో షట్టరు మీద రాసుకుంటూ పోయాడు. నిండు లోడు లారీ ఘాట్‌లో పోయేది ఇంచుమించు సైకిలు వేగంతోనే. నిమిషాలకు నిమిషాలు సరిపోయాయి. లారీ మూడో గేరంటే మీట మూడో మెట్టు. రెండో గేరంటే ఐదు. మొదటి గేరంటే ఆరు.

ఏడు గంటలకు మళ్లీ మొదలుపెట్టారు. జగ్గారావు గేరు చెప్తాడు, కృపానందం మీట తిప్పుతాడు. అమ్మాయి చొక్కా వీపుకు అంటుకుపోయింది. హ్యాండిలు మీది తువ్వాలు మీదుగా చెమట చుక్కలు చుక్కలుగా గచ్చు మీద పడుతోంది. నాలుగో మలుపు వచ్చింది. ఆరో మెట్టు. హర్షిణి సీటు మీంచి లేచింది. పిక్కలు రాళ్లలా బిగుసుకున్నాయి. ముందు చక్రం ఇటుకల మీద అటూ ఇటూ ఊగింది. కాలు ఆగలేదు.

"మూడు," అన్నాడు జగ్గారావు.

కృపానందం మీట దించాడు.

టిక్. టిక్ టిక్.

పానా బల్ల మీద పెట్టేశాడు. మిగతా ఇద్దరికీ ఏమైందో తెలియలేదు. అతను హర్షిణి దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాడు. "పోయినేడాది కాలు పెట్టింది మలుపులోనా, దాటాకా?"

హర్షిణి ఆలోచించింది. "దాటాకే మాస్టారూ. అమ్మయ్య అనుకున్నాను. తర్వాత కాలు కదల్లేదు."

కృపానందం సీటు తుడిచే గుడ్డతో తన మొహం తుడుచుకున్నాడు. ఏడాదిపాటు కష్టానికి తయారు చేశాడు. అమ్మాయి కష్టం దగ్గర ఆగలేదు, కష్టం తగ్గిన దగ్గర ఆగింది. ఈ చదును నేల మీద పుట్టిన ప్రతి కాలికీ ఉన్న అలవాటే అది. పది తొక్కులు తొక్కి, సైకిల్ని దాని మానాన పోనిస్తారు. అది పోతుంది కూడా. కొండ మీద పోదు. నాలుగో మెట్టు మీదే ఇరవై నిమిషాలు తొక్కిస్తే ఈ సంగతి ఎప్పటికి బయటపడుతుంది?

"తప్పు నాదమ్మా. దిగు."

తనే ఎక్కాడు. పంచె ఎగ్గట్టుకుని సైకిలెక్కిన మాస్టారిని చూసి జగ్గారావు మళ్లీ నవ్వబోయి ఊరుకున్నాడు. కృపానందం జీవితంలో గెలిచింది ఒకే ఒక్క పందెం. బోర్డు స్కూల్లో పంద్రాగస్టు నాటి నిదానపు సైకిలు పందెం. అందరికంటే చివర వచ్చినవాడికి స్టీలు క్యారేజీ బహుమతి. పేటలో వాళ్లు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. కానీ ఆ పందెంలో గెలవాలంటే చక్రాన్ని ఒక్క క్షణం కూడా కాలు వదలకూడదు. వదిలితే పడతావు. అతను మెల్లగా తొక్కుతూ మీట ఆరు నుంచి మూడుకు దించుకున్నాడు. కాలి వేగం పెరిగింది. చప్పుడు లేదు.

"మీట దిగినప్పుడల్లా పానా వేగం పెంచుతాను. నువ్వు పానాతో రా. చాలు."

ఎండెక్కకముందు ఆ ఒక్క మలుపునే ఐదుసార్లు తొక్కించాడు. ఆరు మీద అరవై దెబ్బలు. మూడు మీద తొంభై. మొదటి రెండుసార్లు టిక్కుమంది. తర్వాత మూడుసార్లు లేదు. ఇంక చాలన్నాడు. కాళ్ల సత్తువ దాచుకోవాలి.

మధ్యాహ్నం రెండు పంక్చర్లు వేశాడు. ఒక చిన్నపిల్ల సైకిలుకు బుట్ట బిగించాడు. నాలుగింటికి చేపల లారీ షట్టరు ముందు ఆగింది. ఐసు కరిగి వెనకనుంచి నీళ్లు కారుతున్నాయి. సైకిల్ని స్టాండులోంచి విప్పి, క్యాబిన్ వెనక పాత ట్యూబులతో కట్టాడు. మూడుసార్లు లాగి చూశాడు. ప్రభావతి అన్నం సర్దిన స్టీలు క్యారేజీ అమ్మాయి చేతిలో పెట్టి, తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసింది. కృపానందం ఆ క్యారేజీని గుర్తుపట్టాడు.

"వెళ్లొస్తాను మాస్టారూ," అంది హర్షిణి.

"రావద్దమ్మా. వెళ్తాను అను."

ప్రభావతి విసుక్కుంది. బయల్దేరే పిల్లతో ఆ మాటలేంటండీ అంది. హర్షిణి మాత్రం నవ్వింది. అర్థమైంది. గెలిస్తే రాదు.

"వెళ్తాను మాస్టారూ."

నాలుగో రోజు పదిన్నరకు జగ్గారావు ఫోను చేశాడు. ఇరవై మూడు నిమిషాల పది సెకన్లు. అమ్మాయిని అటునుంచి అటే శిబిరం బస్సు ఎక్కించారు. కృపానందం అంతా విని ఒక్క మాట అడిగాడు. నాలుగో మలుపు దాటాక ఏమన్నా చప్పుడు వినబడిందా?

"లారీ ఆపుకుని అక్కడే నించున్నానండి. గొలుసు చప్పుడు తప్ప ఇంకేం లేదండి. ఆయ్."

ఫోను జేబులో పెట్టుకుని ట్రైనర్ని తుడిచి, మడిచి, తువ్వాలు కప్పి మూలన నిలబెట్టాడు. షట్టరు మీది సుద్ద గేర్లను తడిగుడ్డతో చెరిపాడు. ఇటుకలు తీద్దామని వంగి, తియ్యకుండా లేచాడు. పై ఇటుక మీద ముందు చక్రం ఊగి ఊగి చేసిన నల్లటి గాడి, బొటనవేలు పట్టేంత లోతుగా ఉంది.