అన్నయ్య జింకు

నీళ్లకు వాసన లేదు. ఈ గదిలో దేనికీ వాసన లేదు.

తెల్లటి గోడలు. ప్లాస్టిక్ బల్లలు. వెతికినా ఒక ఇనుప మేకు దొరకదు. సముద్రపు నీళ్లలో లోహాలు కొలిచే గది ఇది— ఉండీ లేనట్టుండే లోహాలు. ఆమె గాజులు, కమ్మలు తలుపు బయటే తీసి పెట్టి వస్తుంది.

ఆమె కోసం లోతు నీళ్లు పట్టి తెచ్చేది అన్నయ్య. పడవ అతనిదే. గ్లౌజులు వేసుకోమంటే వింటేనా! ముంజేతికి రాగి కడియం, వేళ్లనిండా చెమట. సీసా నిండిందో లేదోనని ఆ చేత్తోనే మూత తిప్పి చూసేవాడు.

యంత్రం తెర మీద అతని చెమటలోని జింకు గీత నిటారుగా లేచేది. పక్కన కడియం రాగి గీత, పొట్టిగా.

“నీ వేలు నా కొంప ముంచుతోంది అన్నయ్యా!”

“ఊరుకోవే. అంత సముద్రంలో నా వేలెంత?”

చెయ్యి తగిలిన నీళ్లు పనికిరావు. పారబోయాలి. ఎన్ని సీసాలు పారబోసిందో... అతన్ని తిట్టుకుంటూ.

పోయిన నెల అన్నయ్య ఆ నీళ్లలోనే పడిపోయాడు. వెతికి వెతికి మానేశారు. అమ్మ చేతిలో పెట్టడానికి ఒక చొక్కా గుండీ కూడా దొరకలేదు.

ఇవాళ కొత్త పడవవాడు అదే చోటు నుంచి సీసాలు తెచ్చాడు.

పై నీళ్లు— శుభ్రం.

నడిమి నీళ్లు— శుభ్రం.

అడుగు నీళ్లు పెట్టింది.

జింకు లేచింది. నిటారుగా.

పక్కన రాగి... పొట్టిగా.

గొంతు విని మనిషిని పోల్చుకున్నట్టు పోల్చుకుంది. యంత్రం కడిగింది. ఏ లోహమూ లేని శుద్ధమైన నీళ్లు పెట్టి చూసింది. ఏమీ లేదు. మళ్లీ అడుగు నీళ్లు. మళ్లీ అన్నయ్య.

పడవవాడికి ఫోన్ చేసింది.

“ఒట్టు మేడమ్, గ్లౌజులు తియ్యనేలేదు. మూత జోలికే పోలేదు. అయినా... ఆ ఒక్క సీసా పైకి లాగడానికి చచ్చేంత పనైంది. ఎవరో కింద పట్టుకున్నట్టు.”

ఆమె ఫోన్ పెట్టేసింది.

పారబోయాలి.

ఫ్రిజ్‌లో దాచిన ఆ అడుగు నీళ్ల సీసా తీసి సింకు మీదికి వంచింది. నీళ్లు మూతి దాకా వచ్చాయి. చెయ్యి ఆడలేదు. ఈ గుక్కెడే కదా మిగిలింది అన్నయ్య! ఏడుపు తన్నుకొచ్చింది.

“ఎక్కడున్నావ్ అన్నయ్యా?”



ఇన్నేళ్లలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. గ్లౌజు ఊడదీసింది. ఉత్త వేలు నీళ్లలో ముంచింది.

మంచుముద్దలా ఉండాలి ఆ నీళ్లు.

గోరువెచ్చగా ఉన్నాయి.

ఆమె వేలు తియ్యలేదు.