చెరిపించిన కాలర్లు

ఇరవై రెండేళ్లుగా కుట్టు నేర్పుతున్నాను. నాకు నోరెక్కువని అందరూ అంటారు, నిజమే. ఆ నోరే మా పెద్దమ్మ కొంప ముంచబోయింది.

పెద్దమ్మ నాకు చుట్టమేం కాదు. యాభై దాటాక నేర్చుకోవడానికొచ్చింది కాబట్టి క్లాసులో అందరికీ పెద్దమ్మే. యూనిఫాంలు కుట్టేచోట ఉద్యోగం ఖాయమైంది, సోమవారంలోగా సర్టిఫికెట్ చూపించాలి. అందుకు రాతపరీక్ష లేదు. కుట్టిన ప్రతిదీ ఫోటో తీసి, ఏం నేర్చుకున్నామో నాలుగు మాటలు రికార్డు చేసి ట్యాబ్‌లో పెట్టాలి. దాన్నే డిజిటల్ పోర్ట్‌ఫోలియో అంటారు.

అది చూడ్డానికొచ్చిన అధికారి ముఖం చిట్లించాడు.

"మొదటి కాలరే ఇంత చక్కగా కుదిరిందా? ఎవరో కుట్టిచ్చారు. పాస్ చేయలేను."

"ఆ వంకర కాలర్లు తీసెయ్, నా పరువు పోతుంది" అని అప్పట్లో పెద్దమ్మను కసిరి, మొదటి పదకొండు ఫోటోలూ దగ్గరుండి చెరిపించింది నేనే.

"నాలుగింటిదాకా టైమివ్వండి సార్," అంది పెద్దమ్మ. ఇంటికి పరుగెత్తి ఓ దిండు తెచ్చింది.

"గుడ్డముక్క పారెయ్యాలంటే నాకు ప్రాణం పోతుంది టీచరమ్మా. అన్నీ దీన్లో కుక్కేశా."

బ్లేడుతో దిండు కుట్లు విప్పి కాలర్లు ఒక్కొక్కటే బయటికి లాగింది. నేను ఫోటోలు తీస్తుంటే తను చెప్పుకుంటూ పోయింది.

"దీనికి మూల దగ్గర మిగులు గుడ్డ కత్తిరించలేదు, అందుకే మొన ముద్దకట్టింది. ఇదైతే మరీ ఘోరం, తిరగేసి కుట్టేశా."

అధికారి అన్నీ విన్నాడు. "బాగుందమ్మా. కానీ ఫోటోలన్నీ ఇవాళ్టివి. ఇవాళే చెడగొట్టి తెచ్చారంటే?"

"కావాలని ఇంత దరిద్రంగా కుట్టడం ఇప్పుడు నావల్ల కాదు సార్!"

ఆయన నవ్వాడు గానీ పాస్ నొక్కలేదు. "రుజువు కావాలి."

పెద్దమ్మ నావైపు చూసింది. 'టీచరే చెరిపించింది' అని ఒక్క మాటంటే చాలు, నేను దొరికిపోతాను. ఆ మాట అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ట్యాబ్ లాక్కుని, టీచరు అభిప్రాయం రాసేచోట టైపు చేశాను: 'మొదటి పదకొండు ఫోటోలు చెరిపించింది నేను. ఈ కాలర్లు అప్పటివే. తప్పు నాది.' కింద నా పేరు పెట్టాను.

"ఇది మీ సర్వీసు రికార్డులోకి వెళ్తుంది మేడం."

"వెళ్లనివ్వండి. ముందు పాస్ నొక్కండి."

నొక్కాడు. ఆయన వెళ్లాక పెద్దమ్మ కుర్చీలో కూలబడి భోరుమంది. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు.

"నా పేరు ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

ఆమె ముక్కు తుడుచుకుంది.

"మీరే చెప్తారని చూశా టీచరమ్మా. కాస్త ఆలస్యం చేశారు."