ఏడో నంబరు బిళ్ళ

అతిథులు పదకొండుకే వస్తున్నారని తెలిసి ఓబులేసు మేస్త్రి ఊడ్చే ఆడవాళ్లను తొందరపెడుతున్నాడు. రెండు కంటైనర్ల మధ్య ఒలికిన ముగ్గురాయి పొడిని అబీదా బీ చీపురుతో దగ్గరికి తోసి చేటకెత్తుతోంది. ఎత్తినకొద్దీ గాలికి మళ్లీ పరుచుకుంటోంది.

"బిన్నా కానీండమ్మా. ఢిల్లీ వోళ్లు మీ చీపుర్లు చూసేదానికి రాల్యా."

"మరి దేన్ని జూసేదానికొస్తాండారు మేస్త్రీ?" అంది పక్కన ఊడుస్తున్న శివలీల.

"చెట్లను."

"అట్లయితే ఆ చెట్లకు జెప్పు, బిన్నా పెరగమని."

అబీదాకు నవ్వొచ్చింది. మూతికి కట్టుకున్న తడిగుడ్డ వెనక అది ఎవరికీ కనబడలేదు.

బద్వేలు రోడ్డు పక్కన ఉన్న ఆ చోటికి సముద్రం నూట ముప్పై కిలోమీటర్లు. అయినా అందరూ దాన్ని పోర్టు అనే అంటారు. గనుల నుంచి వచ్చిన ముగ్గురాయి బస్తాలను ఇక్కడే కంటైనర్లకెక్కించి, సీలు వేసి, ఓడల దగ్గరికి పంపుతారు. నాలుగేళ్ల కిందట హర్షవర్ధన్ మేనేజరుగా వచ్చాక షెడ్ల మీద సోలారు పలకలు మెరిశాయి. గోడ పొడవునా వెయ్యి వేపమొక్కలు లేచాయి. మొక్కలకు రోజూ ట్యాంకరొస్తుంది. హమాలీల కాలనీకి నాలుగు రోజులకొకసారి వస్తుంది. మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. పొద్దున గేటు దగ్గర హమాలీలను పేరు పెట్టి పలకరిస్తాడు. పచ్చదనంలో, కార్మికుల బాగులో, చుట్టుపక్కల ఊళ్ల మేలులో తన పోర్టే ముందుందని ఈసారి ఢిల్లీ బహుమానానికి రాశాడు.

హమాలీల ముఠాలో ఇరవై నలుగురు. ఒక్కొక్కరి జేబు మీద నంబరున్న ఇత్తడి బిళ్ళ. యాభై కిలోల బస్తాకు నాలుగు రూపాయలు. సాయంత్రం సమానంగా పంచుకుంటే బాగా సాగిన రోజు మనిషికి ఆరు వందలు. తాతలనాటి కట్టుబాటొకటి ఉంది. ముఠాలో మనిషి పోతే బిళ్ళ ఆఫీసుకివ్వరు. తమ్ముడో బావమరిదో అదే బిళ్ళ పెట్టుకుని మోస్తాడు. కూలిలో సగం పోయినవాడి ఇంటికి చేరుతుంది. "మనిషి సచ్చినా బిళ్ళ సావగూడదు" అంటాడు ఓబులేసు. అందుకే ఆఫీసు కాగితాల్లో ఎవరూ చనిపోలేదు.

అబీదా భర్త దాదాపీర్‌ది ఏడో నంబరు. ఇప్పుడది అతని తమ్ముడు అక్బర్ జేబు మీద ఉంది. దాని మీద రోజుకొచ్చే మూడు వందలతోనే కూతురు కౌసర్ కడప హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది.

దాదాపీర్‌కు మామిడిపండంటే పిచ్చి. బనగానపల్లె పండొక్కటి కొనడానికి బండి మీది కాయలన్నీ వాసన చూసి, అమ్మేవాడి చేత తిట్లు తిని, ఆ తిట్లతో సహా ఇంటికి తెచ్చి భార్యకు అప్పజెప్పేవాడు. చివరి ఏడు నెలలు పడుకుంటే ఊపిరాడేది కాదు. అబీదా మంచం మీద కూర్చుని వీపు ఆసరా ఇస్తే, దానికి తన వీపు ఆనించి కూర్చునే నిద్రపోయేవాడు. "పెండ్లినాడు గూడా ఇంత దగ్గరగా కూచోల్యా మే మనం" అనేవాడు, దగ్గు ఆగినప్పుడు. అతని ఎముకలు ఆమె వీపుకు ఒక్కొక్కటీ తెలిసేవి.

బహుమానం ఎవరికో తేల్చే ఢిల్లీ అతిథులొచ్చారు. షామియానా కింద హర్షవర్ధన్ మైకందుకున్నాడు.

"అయిదేళ్లలో ఇక్కడ ఒక్క కార్మికుడు కూడా చనిపోలేదు."

చప్పట్లు కొట్టారు. ఓబులేసు కూడా కొట్టాడు.

పోయిన నెలలో హమాలీలందరి చేతా ఒక గొట్టంలో ఊదించి ఊపిరి పరీక్ష చేశారు. అందులో మొదట వచ్చినవాడికి ప్రశంసాపత్రం.

"షేక్ దాదాపీర్. నలభై ఆరేళ్లు. పంతొమ్మిదేళ్లుగా ముగ్గురాయి మోస్తున్నారు. ఊపిరితిత్తులు పాతికేళ్ల కుర్రాడివిలా ఉన్నాయని డాక్టరు గారు రాశారు."

అతిథులు నవ్వారు. అక్బర్ లేచాడు. వాడికి ఇరవై ఆరేళ్లు. గట్టిగా ఊదమంటే గట్టిగా ఊదాడు. తల వంచుకుని వేదిక వైపు నడిచాడు, వదిన కూర్చున్న వైపు చూడకుండా.

అబీదా ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. మూతిగుడ్డ కిందికి లాగింది.

"సార్, ఆ పిల్లోడు దాదాపీర్ కాదు. మా మరిది. మా ఇంటాయన పోయిన బక్రీదుకు ముందే సచ్చిపాయ."

హర్షవర్ధన్ మైకు బల్ల మీద పెట్టి కిందికి దిగొచ్చాడు. అతిథులకు వినబడనంత మెల్లగా అన్నాడు. "అబీదమ్మా, కూర్చోండి. ఆయన పోయినట్టు రాస్తే ఆ నంబరు ఈ రోజే రద్దవుతుంది. అక్బర్‌కు పని ఉండదు. నష్టం మీకే."

అక్బర్ పేరు ఆమె చెప్పలేదు. ఏడాదిగా గేటు దగ్గర రోజూ "ఏం దాదాపీర్, బాగున్నావా" అని పలకరించింది ఈ మనిషే. ఆమె అతని ముఖంలోకి చూసింది.

"మీకు తెలుసన్నమాట సార్."

అతను చేతిలోని ప్రశంసాపత్రాన్ని చుట్టసాగాడు.

"ఊపిరాడక సచ్చినోని ఊపిరి బాగుండాదని మాత్రం రాయొద్దండి. ఇంకేమన్నా రాసుకోండి."

"కౌసర్ చదువు సంగతి ఆలోచించండి."

"ఆలోచిస్తాండా సార్. నా బిడ్డకు మొగం చూపియ్యాల గదా."

వెనక నుంచి ఎవరో కొంగు పట్టి లాగారు. శివలీల. ఆమె భర్త పోయి రెండేళ్లు. పదహారో నంబరు బిళ్ళ ఆమె తమ్ముడి జేబు మీద ఉంది.

"కూచోమే అబీదా, నీ కాళ్లు మొక్కుతా. మాది గూడా పోతాది."

ముందు వరుసలో ముగ్గురు నలుగురు హమాలీలు ఎండ తగిలినట్టు జేబుల మీది బిళ్ళలకు అరచేతులు అడ్డం పెట్టుకున్నారు. ఓబులేసు నేల చూస్తున్నాడు. అక్బర్ ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడిపోయాడు.

అబీదా కూర్చోలేదు. శివలీల ఏడుస్తూ ఆమె కొంగును పిడికిట్లో బిగించింది. లాగనూ లేదు, వదలనూ లేదు.