ఆలిస్ దొరసాని వెండి చెంచాలు

మెరుగు పెట్టడంలో గోవిందరావుని మించినవాడు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు మొత్తంలో లేడు. ఈ మాట వేరేవాళ్లు అనక్కర్లేదు, ఆయనే అనుకునేవాడు. "నేను తోమిన ఇత్తడి పిడిలో సూసుకోని దొరలు గెడ్డం గీసుకోవాల" అని ఇందా బజారులో టీ తాగుతూ పదిమందికీ వినిపించేవాడు. ఆ గొప్పే ఆయన కొంప ముంచింది.

ఆయన భార్య సింహాచలమ్మ ఆలిస్ దొరసాని ఇంట్లో వంట చేసేది. ఆలిస్ అంటే చనిపోయిన రైలు డ్రైవరు విల్‌ఫ్రెడ్ గారి భార్య. ఆవిడ దగ్గర తాతలనాటి వెండి చెంచాలు ఆరున్నాయి. ఒక్కోదాని కాడ చివర రూపాయి బిళ్లంత బొమ్మ. పులినెక్కిన అడవితల్లి, తాటిచెట్టు దయ్యం, పంతులు నక్క, ఇలా అన్నీ ఇక్కడి పల్లెల్లో ముసలమ్మలు చెప్పుకునే కథలవాళ్లే. చూపు పోయాక ఆలిస్ ఆ బొమ్మల్ని బొటనవేలితో తడిమి, ఇది ఫలానా అని పోల్చుకుని, కథ మొదలుపెట్టేది. ఎదురుగా విల్‌ఫ్రెడ్ కూర్చున్నట్టే చెప్పేది. ఆవిడకి మిగిలిన సంతోషం అదొక్కటే.

అరవై మూడులో, క్రిస్మస్ ముందు, ఒక చెంచా మెడ వంగింది. ఆరింటినీ విడదీయకూడదని పెట్టెతో సహా గోవిందరావుకిచ్చి, "వంపు ఒక్కటీ తీసిపెట్టు, గోవింద్" అంది.

వంపు తీయడం ఎంతసేపు! తీసి ఊరుకుంటే గోవిందరావు ఎందుకవుతాడు? సందుల్లో నల్లగా కనిపించిందంతా మురికనుకున్నాడు. పాలిష్ చక్రం మీద ఆరింటినీ అద్దాలు చేశాడు. ఈల వేసుకుంటూ ఇంటికి తెచ్చి పెళ్లానికి చూపించాడు.

సింహాచలమ్మ చెంచాలు తిరగేసి చూసింది. నెత్తి కొట్టుకుంది.

"ఓరి నాయనో! బొమ్మలేవయ్యా? నక్కేది, అమ్మవారేది? ఏటి సేసినావయ్యా!"

అప్పుడు తడిమి చూశాడు. వేలు జర్రున జారిపోయింది. ఏ మొహం పెట్టుకుని వెళ్లడం? దారిలో పోయాయని చెబుదామా అనుకున్నాడు. ఛీ, ఇంకా అదొకటా అని తనని తానే తిట్టుకుని బయల్దేరాడు.

ఆలిస్ ఒక చెంచా తీసింది. బొటనవేలు ఒకసారి తిప్పింది, మళ్లీ తిప్పింది. రెండోది తీసింది. మూడోది తీసింది.

"ఎవరివి తెచ్చావు గోవింద్? ఇవి నావి కావు."

"మీవేనమ్మా." "మెరుగు పెట్టినాను. నేనే అరగదీసినాను."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండునని ఆయన ప్రాణం కొట్టుకుంది. చెంచా ఆయన చేతికే అందించింది.

"నీ కళ్లు మంచివి కదా. సరిగ్గా చూడు. ఇందులో ఎవరున్నారు?"

గోవిందరావు చూశాడు. కాడ చివర, ధగధగలాడే వెండిలో, ఒకే ఒక్క మొహం ఉంది.

"నేనేనమ్మా" అన్నాడు తలొంచుకుని. "ఇంకెవులూ నేరు."