టీవీ వెనక

పెద్ద వరదొచ్చి వంతెన కొట్టుకుపోయిన ఏడు జరిగిందిది. వరద తీశాక గదుల నిండా మోకాటి లోతు బురద. ఎత్తిపోసింది ఆమే, కడిగింది ఆమే. పగలంతా ఆస్పత్రి లాండ్రీలో నిలబడి దుప్పట్లు మడతపెట్టడం, సాయంత్రం ఇంటికొచ్చి ఈ చాకిరీ. సాయానికని వచ్చిన మరిది, అటక మీద తడవకుండా మిగిలిన అట్టపెట్టె ఒకటి దింపాడు. అందులో పాత వీడియోగేమ్. అంతే, అన్నదమ్ములిద్దరి చేతుల్లో చీపుళ్ళు జారిపోయాయి. మంచం మీద బల్లేసి ఎత్తిపెట్టిన టీవీ ఎలాగూ బతికే ఉంది.

"వదినా, ఇలా వచ్చి వైరు పట్టుకో. నీ చేతికి తప్ప ఎవరికీ లొంగదిది" అన్నాడు మరిది.

ఆమె వెళ్ళి పట్టుకుంది. కాపరానికొచ్చిన కొత్తలోనూ ఇంతే. టీవీ వెనక ఆ వైరు వదులు. వేలితో నొక్కి ఉంచితేనే బొమ్మ నిలిచేది. కాస్త కాలు మార్చుకుంటే బొమ్మ పోయేది, "కదలకే" అని భర్త కసిరేవాడు. కడుపుతో ఉన్నప్పుడూ నిలబడింది. "మగపిల్లల ముచ్చటకి ఆమాత్రం నిలబడితే అరిగిపోతావా?" అనేది అత్తగారు. ఇంకెంతసేపని అడిగితే "ఆటయ్యేదాకా" అనేవాడు భర్త. అది అయ్యేది కాదు. తెర ఆమెకెప్పుడూ కనిపించలేదు. కనిపించినవి వాళ్ళ మొహాలు. భర్త కళ్ళు పెద్దవైతే ఏదో గెంతినట్టు, నాలిక కరుచుకుంటే ఏదో పడినట్టు. ఎదురుగా కూర్చుని అన్నం పెట్టినా ఆ మొహంలో అంత వెలుగు ఆమెకి దక్కలేదు. టీవీ వెనక నిలబడితేనే దక్కేది. అందుకేనేమో అన్నాళ్ళు నిలబడ్డాను అనుకుంటే ఇప్పుడు సిగ్గేసింది.

టీవీలో ఆట తాలూకు పాట మొదలైంది. భర్త కళ్ళు పెద్దవయ్యాయి.

"ఎంత బావుండేవిరా ఆ రోజులు. ముగ్గురం కలిసి ఆడేవాళ్ళం" అన్నాడు, మనస్ఫూర్తిగానే.

ఆమె వేలు దానంతటదే వైరు మీంచి జారింది. తెర నల్లబడింది.

"ఏమైందే?"

"ఏం కాలేదు. మీరొచ్చి పట్టుకోండి. నేనాడతా."

"నీకేం వచ్చని?"

"రాదు. ఎప్పుడూ చూళ్ళేదుగా."

మరిది నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగాడు. "లే అన్నయ్యా" అన్నాడు మెల్లిగా.

ఆమె బురద చేతులు తుడుచుకుని కూర్చుంది. పొద్దుట్నించీ కూర్చోవడం అదే మొదలు. తెర మీద గొడుగు పట్టుకున్న బుల్లి కప్ప, మబ్బు మీంచి మబ్బు మీదికి గెంతుతోంది. ఓస్, ఇంతేనా అనుకుంది. అంతలోనే, ఎంత ముద్దుగా ఉందో అనుకుంది. కప్ప మబ్బుల మధ్య మొదటి ఖాళీలోనే పడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది.

"నొక్కి వదిలెయ్ వదినా, గొడుగు విచ్చుకుంటుంది."

విచ్చుకుంది. కప్ప తాపీగా దిగుతుంటే ఆమె భుజాలూ దిగాయి.

"చెయ్యి పీకేస్తోందే. ఇంకెంతసేపు?" అన్నాడు భర్త టీవీ వెనకనించి.

"ఆటయ్యేదాకా" అంది, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

అతను చెయ్యి మార్చి పట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే, టీ కూడా తాగకుండా, ఆ వైరు అతికించుకు రావడానికని వెళ్ళి, ఇంకా తలుపులు తీయని రిపేరు షాపు ముందు నిలబడ్డాడు.