భరణికి వేసిన గ్రేడు

సీతాలక్ష్మి మొగుడు భరణి తిరువొత్తియూరులో ఇనుప రేకుల ఫ్యాక్టరీలో కట్టలు మోసేవాడు. ఆయాసమని మూడుసార్లు కంపెనీ డాక్టరు వెంకటసుబ్బారావు దగ్గరికి పోయాడు. మూడుసార్లూ ఆయన "గ్రేడ్ ఒకటి, పని చెయ్యగలడు" అని రాసి పంపేశాడు. ఆ నెలలోనే భరణి భుజాన కట్టతో కూలిపోయాడు. మళ్ళీ లేవలేదు.

ఆరేళ్ళ తర్వాత ఆమె రాయపురంలో ఒక ఆస్పత్రి రికార్డు రూములో చేరింది. పాత ఫైళ్ళు చదివి, గుండెజబ్బు ఎంత ముదిరిందో ఒకటి నుంచి నాలుగు దాకా గ్రేడు వెయ్యాలి. ఎవరు చదివినా ఒకే గ్రేడు రావాలని పెద్ద డాక్టరు ఇంద్రజ ఒక రూల్సు కాగితం రాసిపెట్టింది. ఈ ఏడు ఆ ఫ్యాక్టరీ ఫైళ్ళు వచ్చాయి. వాటిని రాసినాయన కదా అని వెంకటసుబ్బారావును సలహాకి పిలిచారు.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడాయన.

"తిరువొత్తియూరు సార్."

"అట్నా? ఆడ చానా ఏళ్ళు పనిచేసినా."

మూడుసార్లూ భరణి పక్కనే నిలబడ్డ ఆమె మొహం ఆయనకి గుర్తే లేదు.

సోమవారం అందరికీ పరీక్ష. పేర్లు తీసేసిన పది కేసులకి ఎవరికి వారు గ్రేడు వేసి, తర్వాత చదివి వినిపించాలి. టైపు చేసేది సీతాలక్ష్మే. ఏడో కేసుగా, ఆ ఫ్యాక్టరీ ఫైళ్ళలో దొరికిన భరణి కాగితాన్ని అక్షరం మార్చకుండా కొట్టింది, గ్రేడు మాత్రం వదిలేసి.

ఏడో కేసు దగ్గర వెంకటసుబ్బారావు ఆగను కూడా ఆగలేదు. "పడుకుంటే ఊపిరాడదు, కాళ్ళు వాచినాయి, గుండె పనిచేసేది ముప్పై శాతమే. నాలుగు. ఈ మనిషిని మంచం దిగనీకూడదు."

సీతాలక్ష్మి అసలు కాగితం తీసి ఆయన ముందు పెట్టింది.

"మీ సంతకమే గదా సార్? ఈడ ఒకటి వేసినారు. ఈయన నా ఇంటాయన."

ఇంద్రజ కాగితం రెండుసార్లు చదివి, ఆయన చూసిన ఫైళ్ళన్నిటికీ మళ్ళీ గ్రేడు వెయ్యమని సీతాలక్ష్మికి చెప్పింది.

మధ్యాహ్నం వరండాలో ఆయన గొంతు తగ్గించాడు. "మేనేజరు ఒత్తిడమ్మా. వయసైపోయినోణ్ణి. ఇంతటితో వదిలెయ్."

"నా మొగుడు పోయేనాటికి ముప్పై ఎనిమిదే సార్," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఫైళ్ళతో నెలరోజులు కూర్చుంది. కొన్నిచోట్ల ఆయన సరిగ్గానే వేశాడు. అలా సరిగ్గా రెండు వేసిన ఒక ఫైల్లో మూడు రాసేద్దామని ఆమెకి మనసు లాగింది. ఒక్కటి అబద్ధమైనా దాన్ని పట్టుకుని తప్పించుకుంటాడు. పళ్ళు బిగించి రెండే వేసింది. విడిగా చదివిన మరో ఇద్దరికీ అవే గ్రేడులు వచ్చాయి. తక్కువ చేసి రాసినవి అరవై ఒకటి తేలాయి, అన్నీ కూలీలవే.

ఇంద్రజ ఆ లెక్క డాక్టర్ల కౌన్సిలుకి పంపింది. ఆయన డాక్టరీ లైసెన్సు ఆపేస్తూ అక్కణ్ణుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంద్రజ చదివి వినిపించి, "ఇప్పుడు మనసు కుదుటపడిందా?" అంది.

"లేదు మేడమ్," అంది సీతాలక్ష్మి. "ఆ మేనేజరు పేరు కూడా ఫైళ్ళలో ఉంది."